దూరం నుంచి పాత కారు కొనేవాళ్ళు అడ్వాన్సు పంపకముందు ఈ ఉత్తరం చదవండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పాతకాలం కార్లు కొని బాగుచేయించుకునే సరదా గురించి రాసిన వ్యాసం చదివాను. ఫొటోలు చాలా బాగున్నాయి, ఆ కార్లు చూస్తుంటే కడుపు నిండిపోయింది. కానీ ఆ వ్యాసం వచ్చిన రెండో రోజే మా వీధి కుర్రాళ్ళు ఇద్దరు ఫోన్ పట్టుకుని మా ఇంటికొచ్చారు. "అంకుల్, కోయంబత్తూరులో ఒక పాత ఫియట్ ఉందంట, రేటు తక్కువే చెప్తున్నాడు, సాయంత్రానికల్లా అడ్వాన్సు వెయ్యకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తాడంట" అన్నారు. వాళ్ళని కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, గంటన్నర మాట్లాడాను. చివరికి ఫోన్ లోపల పెట్టుకుని వెళ్ళారు. వాళ్ళకి చెప్పినవే మీ పాఠకులకి కూడా చెప్పాలని రాస్తున్నాను, కొంచెం పొడుగైనా దయచేసి కత్తిరించకుండా వెయ్యండి.

నాది విజయవాడ. బ్యాంకులో క్లర్కుగా చేసి రిటైరయ్యాను. మా నాన్న ఉయ్యూరులో ఒక డాక్టరు గారి దగ్గర డ్రైవరు. డాక్టరు గారిది ఫియట్ 1100 డిలైట్. రోజూ పొద్దున్నే నాన్న దాన్ని తుడుస్తుంటే నేను వెనక అద్దం తుడిచేవాణ్ణి, బదులుగా గేటు దాకా ముందు సీట్లో కూర్చోనిచ్చేవాడు. గేరు కింద ఉండదు, స్టీరింగ్ పక్కనే చిన్న కర్రలాగా ఉంటుంది. నాన్న ఎడమచేత్తో దాన్ని రెండు వేళ్ళతో అలా కదిపితే బండి మెత్తగా కదిలేది. డాక్టరు గారు పోయాక కారు ఎవరికో అమ్మేశారు, ఎక్కడికి పోయిందో తెలీదు. రిటైరయ్యాక చేతిలో నాలుగు డబ్బులు పడితే అలాంటిదే ఒకటి కొని నా చేత్తో దగ్గరుండి బాగుచేయించుకోవాలని నాకు ఎప్పట్నుంచో ఉంది.

ఏ కారు కొనాలన్న దగ్గర నేను పెద్దగా తప్పు చెయ్యలేదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. డిలైట్‌ని బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు 1964 నుంచి తయారుచేశారు. 1970లలో అదే కారుకి ప్రీమియర్ పద్మిని అని పేరు మార్చి, చిన్నాచితకా మార్పులతో 2000 ప్రాంతం దాకా నడిపించారు. ముంబైలో నలుపు పసుపు ట్యాక్సీలంటే అవే, ఆఖరి పద్మిని ట్యాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు దిగింది. అన్నేళ్ళు అన్ని బండ్లు తిరిగాయి కాబట్టే ఇవాళ్టికీ 1089 సీసీ ఇంజినుకి పిస్టన్లు, రింగులు, క్లచ్ ప్లేటు, బ్రేకు సిలిండర్ల కిట్లు వెతికితే దొరుకుతాయి. ఫియట్‌లోనే ఇంకా పాతవి ఉన్నాయి, ముందు తలుపులు వెనక్కి తెరుచుకునేవి. మహారాష్ట్రలో వాటిని డుక్కర్ ఫియట్ అంటారు, డుక్కర్ అంటే పంది, ఆ గుండ్రటి ముక్కు చూసి పెట్టిన పేరు. అవి చూడ్డానికి ముద్దొస్తాయిగానీ తలుపు రేకు, అద్దం చుట్టూ రబ్బరు లాంటివి దొరకడం చాలా కష్టం. మొదటిసారి పాత కారు కొనేవాళ్ళు సామాను దొరికే మోడలే చూసుకోవాలి. అంబాసిడర్ అయినా సరే, అది 2014 దాకా తయారైంది కాబట్టి ఇంకా తేలిక.

సరే, నా సంగతి. రెండేళ్ళ కిందట ఫోన్‌లో ప్రకటన కనపడింది. 1969 మోడల్ డిలైట్, పుణే దగ్గర ఒక ఊళ్ళో ఉంది, రన్నింగ్ కండిషన్, పేపర్లు క్లియర్, ధర 1,60,000. ఫొటోలు పద్దెనిమిది ఉన్నాయి. వాటిని ఎన్నిసార్లు చూశానో నాకే లెక్కలేదు, రాత్రి పడుకునే ముందు కూడా చూసేవాణ్ణి. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆ పద్దెనిమిదిలో పన్నెండు ఫొటోలు ముందు నుంచీ పక్క నుంచీ తీసినవే, అదీ కారు మీద నీళ్ళు చల్లి తీసినవి. తడి రేకు ఎప్పుడూ మెరుస్తుంది, పెయింటు లేచిపోయిన చోటు కనపడదు. కారు కింద నుంచి ఒక్క ఫొటో లేదు, లోపల మ్యాట్ ఎత్తి తీసిన ఫొటో లేదు, డిక్కీ తెరిచి స్టెప్నీ ఉండే గుంట చూపించిన ఫొటో లేదు. ఆర్సీ ఫొటో అడిగితే సగం మడిచి నంబరు మాత్రం కనపడేట్టు పంపాడు. ఈ నాలుగూ లేని ప్రకటన చూస్తే అక్కడే ఆగిపోవాలి, నేను ఆగలేదు.

వీడియో కాల్‌లో ఇంజిన్ స్టార్ట్ చేసి చూపించాడు. చప్పుడు వినగానే నాకు నాన్న గుర్తొచ్చాడు, ఇంక వేరే ఏమీ వినపడలేదు. ఇంజిన్ స్టార్టయితే కారు బాగున్నట్టే అని మనందరికీ ఒక నమ్మకం ఉంది, అది తప్పు. పాత కారులో అన్నిటికంటే చవగ్గా బాగుపడేది ఇంజినే. రీబోరు చేయించి, వాల్వులు కూర్చోబెట్టి, రింగులు మార్చి, కార్బరేటర్ కడిగిస్తే ఆటోనగర్లో పనితెలిసిన మెకానిక్ రెండు వారాల్లో తిరిగి లేపుతాడు. డబ్బూ ప్రాణమూ లాగేసేవి రెండే, కాగితాలు, తుప్పు. ఆ రెండూ ఫోన్‌లో కనపడవు. బేరం 1,35,000కి తెగింది. "వేరే పార్టీ దారిలో ఉంది భాయ్‌సాబ్" అన్నాడని టెన్షన్ పడి 25,000 ఆ సాయంత్రమే పంపేశాను, మిగతాది లారీ ఎక్కించే ముందు పంపాను. మా ఆవిడ ఒకటే మాట అడిగింది, "ఏవండీ, ఒకసారి వెళ్ళి చూసి రావచ్చుగా?" అని. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ విజయవాడ నుంచి పుణేకి నేరుగా వెళ్తుంది. స్లీపర్ టికెట్టు, రెండు రోజుల తిండి, తోడు వచ్చే మెకానిక్‌కి రెండు రోజుల కూలి, అంతే కదా ఖర్చు. దానికి బద్ధకించాను.

లారీ తెల్లవారుజామున ఐదింటికి వచ్చింది. పుణేలో మొదలయ్యే 65వ నంబరు జాతీయ రహదారి సోలాపూరు, హైదరాబాదు మీదుగా విజయవాడ వచ్చి, మన ఉయ్యూరు మీదుగానే మచిలీపట్నం దాకా పోతుంది. నాన్న కారు నడిపిన రోడ్డు మీదుగానే నా కారు వచ్చిందనుకుని సంతోషపడ్డాను. ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు, లారీకి 32,000 అయింది. దింపేటప్పుడే ముందు టైరు ఒకటి గాలి పోయి ఉంది. సరే మారుద్దామని మా అబ్బాయి పక్కన జాకీ పెట్టి తిప్పాడు. జాకీ లేస్తోంది, కారు లేవట్లేదు. వంగి చూస్తే జాకీ తల తలుపు కింది రేకులోకి దిగిపోతోంది, కరకరమని చప్పుడు, గోధుమరంగు పొడి రోడ్డు మీద రాలుతోంది. మా అబ్బాయి జాకీ వదిలేసి నా మొహం చూశాడు. వాడేమీ అనలేదు. నేనూ అనలేదు.

ఆ రోజు మధ్యాహ్నం మేస్త్రిగారు వచ్చారు. ఆటోనగర్లో నలభై ఏళ్ళుగా టింకరింగ్ చేస్తున్న మనిషి, పేరు రాయను, ఆయనకిష్టం ఉండదు. జేబులోంచి ఒక చిన్న అయస్కాంతం తీశారు, పాత స్పీకరులో ఉండే గుండ్రటిది, చుట్టూ గుడ్డ చుట్టి ఉంది. దాన్ని బానెట్ మీద పెడితే టక్కున అతుక్కుంది. తలుపు పైభాగంలో అతుక్కుంది. తలుపు కిందకి జరుపుతుంటే ఒకచోట పట్టు వదిలి జారి ఆయన అరచేతిలో పడింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ జారింది. అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. వెనక చక్రం పైన, తలుపుల కింద, ముందు లైటు చుట్టూ అన్నిచోట్లా అంతే. లోపల మ్యాట్ ఎత్తి చూస్తే డ్రైవరు కాళ్ళ దగ్గర గోనెసంచి ముక్క పరిచి దానిమీద తారు పూశారు. సంచి లాగితే కింద మా వాకిలి గచ్చు కనపడింది.

ఇక్కడ ఒక విషయం అర్థం చేసుకోవాలి. లారీకో జీపుకో కింద విడిగా ఛాసిస్, అంటే ఇనుప చట్రం, ఉంటుంది, పైన బాడీ కుళ్ళినా అడుగు నిలబడుతుంది. ఫియట్ 1100కి అలా విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. తలుపుల కింద పొడుగ్గా పోయే పెట్టెలాంటి రేకు, ఫ్లోరు, చక్రాల దగ్గర బిగింపులు, ఇవే కారు ఎముకలు. అవి తుప్పు పడితే పెయింటు ఎంత మెరిసినా లాభం లేదు, బ్రేకు కొట్టినప్పుడు కారు వంగిపోతుంది, తలుపులు సరిగా పడవు. కాబట్టి ఫియట్ కొనేటప్పుడు తలుపు తెరిచి కొంచెం పైకెత్తి వదలండి. దానంతటది మూతపడే చోటుకి సరిగ్గా చేరుతోందా, కిందికి దిగి తగులుతోందా చూడండి. తలుపుకీ బాడీకీ మధ్య సందు పైనుంచి కిందదాకా ఒకేలా ఉందా చూడండి. కింద కొత్తగా నల్లటి తారు పూసి ఉంటే ఎందుకు పూశారని అడగండి. మీరు వెళ్ళలేకపోతే ఆ ఊళ్ళోనే ఒక మెకానిక్‌ని పట్టుకుని, డబ్బులిచ్చి, జాకీ మీద లేపి కింద నుంచి వీడియో తీయమనండి. అమ్మేవాడు ఒప్పుకోకపోతే ఇంక మాట్లాడక్కర్లేదు.

ఇదంతా ఇనుము సంగతి, డబ్బుంటే ఇనుము అతుక్కుంటుంది. కాగితాల దగ్గర నేను పడిన బాధ ఇంకా తీరలేదు.

పేపర్లు క్లియర్ అన్నాడు కదా, ఆయన దృష్టిలో క్లియర్ అంటే ఆర్సీ పుస్తకం, ఖాళీగా సంతకం పెట్టిన ఫారం 29, ఫారం 30, అంటే బండి పేరు మార్పు కాగితాలు. బ్రోకర్లు వీటినే ఓపెన్ పేపర్లు అంటారు. ఆర్సీలో పేరు అమ్మినాయనది కాదు. ఆయన ఇంకొకాయన దగ్గర కొన్నాడు, ఆయన ఇంకో బ్రోకరు దగ్గర, ఎవరూ పేరు మార్పించుకోలేదు. పుస్తకంలో ఉన్న పెద్దమనిషి చాలా ఏళ్ళ కిందటే పోయారు. పోయినాయన సంతకంతో ఫారాలు ఎలా నడుస్తాయి? చట్టం ప్రకారం యజమాని పోతే వారసుల పేరుకి ఫారం 31 మీద మార్పించాలి, అప్పుడు ఆ వారసులు నాకు అమ్మాలి. ఆ తర్వాత ఆ ఊరి ఆర్టీవో ఆఫీసు నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ, అంటే బండి వేరే రాష్ట్రానికి పోవడానికి అభ్యంతరం లేదన్న కాగితం, పోలీసు రికార్డుల్లో దొంగబండి కాదని కాగితం, అప్పుడు మన రాష్ట్రంలో మన నంబరు. వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంటే ఇక్కడ కొత్త నంబరు తీసుకోవాల్సిందే అని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెప్తుంది. నేను ఇవన్నీ కొన్నాక చదివాను.

వారసుల్ని వెతికి పట్టుకోవడానికి నాకు ఐదు నెలలు పట్టింది. ఆర్సీలో ఉన్న అడ్రసుకి వెళ్తే అక్కడ అపార్టుమెంటు కట్టేశారు. కింద కిరాణా కొట్టు ఆయన పుణ్యాన ఆ పెద్దాయన కూతురు ఫోన్ నంబరు దొరికింది. నేను ఫలానా, మీ నాన్నగారి కారు నా దగ్గరుంది, బాగుచేయిస్తున్నాను అన్నాను నాకొచ్చిన హిందీలో. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. వారం తర్వాత ఒక ఫొటో పంపారు, కారు కొన్న రోజు తీసింది, బానెట్ మీద పూలదండ, పక్కన తెల్ల టోపీ పెట్టుకుని ఆవిడ నాన్నగారు. నలుపు తెలుపు ఫొటో వెనక మరాఠీలో కారు రంగు కూడా రాసి ఉంది, లేత నీలం. నాకు వచ్చినప్పుడు అది ఎర్రగా ఉంది. పుట్టీ గీకితే ఎరుపు కింద తెలుపు, తెలుపు కింద నిజంగానే ఆ నీలం తగిలింది. ఆవిడ, ఆవిడ చెల్లెలు ఇద్దరూ సంతకాలు పెట్టారు, ఒక్క రూపాయి అడగలేదు. అందరికీ ఇలాంటి మనుషులే దొరుకుతారనుకోకండి. ఆస్తి తగాదాల్లో ఉన్న కుటుంబమైతే నా కారు ఇవాళ పాత ఇనుము కిందే లెక్క.

అక్కడితో అయిపోలేదు. 1989కి ముందు నంబర్లు మూడక్షరాలతో ఉండేవి, ఆ కాలం రికార్డులు చేత్తో రాసిన రిజిస్టర్లలో ఉంటాయి. కంప్యూటర్లో ఆ నంబరు కొడితే ఏమీ రాదు. రాకపోతే ఏ పనీ ముందుకి జరగదు. ఆ పాత రిజిస్టరు తీయించి కంప్యూటర్లోకి ఎక్కించాలి, దాన్ని బ్యాక్‌లాగ్ అంటారు. రిజిస్టరు దొరకడానికి రెండుసార్లు వెళ్ళాను. దొరికాక చూస్తే అందులో ఉన్న ఇంజిన్ నంబరు వేరు, నా కారులో ఉన్న ఇంజిన్ మీద నంబరు వేరు. ఎప్పుడో ఎవరో పద్మిని ఇంజిన్ వేసేశారు, ఆర్టీవో దగ్గర రాయించలేదు. వీడియో కాల్‌లో నేను విని మురిసిపోయిన చప్పుడు ఆ ఇంజినుదే. కాబట్టి అడ్వాన్సు పంపకముందే ఛాసిస్ నంబరు మీదా ఇంజిన్ నంబరు మీదా కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దిన ప్రింటు తెప్పించుకోండి. ఫొటో కాదు, ప్రింటు. దాన్ని ఆర్సీతో అంకె అంకె పోల్చుకోండి.

ఎన్‌ఓసీ అడిగిన 30 రోజుల్లో ఇవ్వాలి, కాదనాలన్నా ఆ గడువులోనే కారణం రాసి చెప్పాలి, ఏదీ చెప్పకపోతే ఇచ్చినట్టే లెక్క అని 48వ సెక్షన్లో ఉంది. కానీ ఆ "ఇచ్చినట్టే లెక్క" అన్నది పట్టుకుని ఇంకో రాష్ట్రం కౌంటరు దగ్గర నిలబడితే, కాగితమేదీ అని అడుగుతారు. వాళ్ళ తప్పు కూడా కాదు, కంప్యూటరు ఆ కాగితం నంబరు అడుగుతుంది మరి.

ఇక్కడ మీ వ్యాసంలో లేని ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. 50 ఏళ్ళు దాటిన కార్లకీ బైకులకీ కేంద్రం 2021 జులైలో ప్రత్యేకంగా వింటేజ్ రిజిస్ట్రేషన్ పెట్టింది. రుసుము 20,000, పదేళ్ళు చెల్లుతుంది, ఆ తర్వాత రెన్యువల్‌కి 5,000. పాత నంబరు ఉన్న బండి ఆ నంబరే ఉంచుకోవచ్చు, కొత్తగా చేయించుకునేవాటికి నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. అంతా సరిగ్గా ఉంటే 60 రోజుల్లో ఇవ్వాలి. షరతులు కూడా ఉన్నాయి. బాడీ, ఛాసిస్, ఇంజిన్ అసలుకి భిన్నంగా మార్చి ఉండకూడదు. రోజూ రోడ్డు మీద తిప్పకూడదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ పెట్రోలు పోయించడానికీ మరమ్మతుకీ మాత్రమే తీయాలి. బజారుకీ గుడికీ రోజూ తిప్పుకోవాలనుకుంటే మామూలు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి. 20 ఏళ్ళు దాటిన కార్లకి ఆ రుసుము 2025 ఆగస్టులో 10,000 చేశారు, అదీ ఐదేళ్ళకోసారి, ఫిట్‌నెస్ వేరు. ఏది కావాలో కొనకముందే తేల్చుకోవాలి, ఎందుకంటే నాలాగా ఇంజిన్ మారిన బండి కొన్నవాడికి వింటేజ్ దారి అంత తేలిగ్గా తెరుచుకోదు. ఇప్పుడు నేను రికార్డులో ఉన్న నంబరుకి తగ్గ పాత ఇంజిన్ కోసం వెతకాలా, ఉన్నదాన్నే రాయించుకోవాలా అన్న దగ్గర ఆగి ఉన్నాను.

నేను మీ ద్వారా రవాణా శాఖ వారిని ఒకటే కోరుతున్నాను. ఈ వింటేజ్ నిబంధన గురించి జిల్లా ఆఫీసుల్లో అడిగితే సరైన సమాధానం చెప్పేవాళ్ళు నాకు దొరకలేదు. ఒక ఆఫీసులో అలాంటిదేమీ లేదన్నారు, ఇంకోచోట నేను ప్రింటు తీసుకెళ్ళిన నోటిఫికేషన్ వాళ్ళే ఆశ్చర్యంగా చదివారు. మర్యాదగానే మాట్లాడారు, తెలీదంతే. దయచేసి తెలుగులో రెండు పేజీల కాగితం వెయ్యండి, వేరే రాష్ట్రం పాత బండికి ఏ ఫారం ముందు, ఏది తర్వాత, చనిపోయినవారి పేరుమీద ఉంటే ఏం చెయ్యాలి, బ్యాక్‌లాగ్‌కి ఎవరికి దరఖాస్తు పెట్టాలి అని. ప్రతి ఆఫీసు గోడకీ అంటించండి. మన ఊళ్ళలో ఎన్ని అంబాసిడర్లు, ఫియట్లు, స్టాండర్డ్ హెరాల్డ్‌లు పెంకుటిళ్ళ వెనక చింతచెట్ల కింద కుళ్ళిపోతున్నాయో! వాటి వారసులకి బాగుచేయించుకోవాలని ఉన్నా కాగితాల భయంతో తూకానికి అమ్మేస్తున్నారు. దూరం నుంచి కొని మోసపోయేకంటే మన చుట్టుపక్కల ఉన్నవాటిని నిలబెట్టుకోవచ్చు కదా.

లారీ ఎక్కించే సంగతి కూడా చెప్పాలి. ఎక్కించే ముందు కారు చుట్టూ తిరిగి ప్రతి బ్యాడ్జీ, ప్రతి క్రోమ్ పట్టీ, చక్రాల మూతలు, లోపలి అద్దం, డిక్కీలో పనిముట్లు అన్నీ ఫొటో తీయించండి. ఊడొచ్చేవి విప్పించి అట్టపెట్టెలో పెట్టి డిక్కీలో కాకుండా పార్శిల్‌గా విడిగా తెప్పించుకోండి. నా కారు ఫొటోల్లో వెనక డిక్కీ మీద డిలైట్ అని వంకర అక్షరాల్లో రాసిన లోహపు బ్యాడ్జీ స్పష్టంగా ఉంది. ఇక్కడ దిగేసరికి రెండు చిన్న రంధ్రాలు మాత్రం ఉన్నాయి.

ఇప్పుడు పని నడుస్తోంది. మేస్త్రిగారి పని చూస్తుంటే పెట్టిన డబ్బు గురించి బాధ తగ్గుతుంది. తలుపు కింది పెట్టె రేకు ఎక్కడా దొరకదు, చేత్తో చెయ్యాల్సిందే. ఆయన ముందు మీ పత్రికే, అవునండీ, పాత పేపరే తీసుకుని కుళ్ళిన చోటు మీద పరిచి, వంపులన్నీ బొటనవేలితో ఒత్తుకుంటూ మడతలు పెట్టారు. మసి చేతుల ముద్రలతో పేపరు మీద ఆ ఆకారం వచ్చింది. దాన్ని కత్తిరించి కొత్త రేకు మీద పెట్టి గీత గీశారు. రేకు కత్తిరించి, ఇసుకసంచి మీద పెట్టి చెక్క సుత్తితో మెల్లగా, ఒకే చోట రెండుసార్లు కొట్టకుండా, తిప్పుతూ తిప్పుతూ కొడితే రేకు వంగి వంపు తిరిగింది. బాడీకి ఆనించి చూశారు, వేలిగోరు దూరనంత సందు. "బాబూ, ఇప్పటి కుర్రాళ్ళకి ఈ పని అక్కర్లేదు, డోర్ పోతే కొత్త డోర్ తెప్పించి బిగిస్తారు" అన్నారు. ఆయన దగ్గర నేర్చుకునేవాళ్ళు ఎవరూ లేరు. మీ అనుబంధం వాళ్ళు ఈసారి కార్ల యజమానుల ఫొటోలు కాకుండా ఆటోనగర్ వచ్చి ఇలాంటి నలుగురు మేస్త్రుల ఫొటోలు వెయ్యండి. వాళ్ళు లేకపోతే ఏ పాత కారూ తిరిగి లేవదు.

పెట్రోలు గురించి రెండు మాటలు. ఈ ఇంజిన్లు చేసిన రోజుల్లో పెట్రోలులో సీసం ఉండేది, వాల్వు సీట్లు అరగకుండా అదే కాపాడేది, 2000లో దాన్ని తీసేశారు. అందుకని హెడ్ విప్పినప్పుడే గట్టి రకం వాల్వు సీట్లు వేయించుకోమని మెకానిక్ చెప్పాడు, వేయించాను. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది, దానికి పాత రబ్బరు పైపులు ఉబ్బి పగులుతాయి, కార్బరేటర్ గ్యాస్కెట్లు పాడవుతాయి. పైపులన్నీ ఇథనాల్‌ని తట్టుకునే కొత్తవి వేయించుకోండి, నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచకండి. ఏళ్ళుగా ఆగిపోయిన ఇంజిన్ తెచ్చుకుంటే దిగీ దిగగానే సెల్ఫ్ కొట్టకండి. ప్లగ్గులు విప్పి ఒక్కో రంధ్రంలో కొంచెం ఆయిలు పోసి, రెండు రోజులుంచి, టాప్ గేరులో వేసి మెల్లగా తోసి చూడండి. లోపల పట్టేసిన రింగులు అప్పుడే వదులుతాయి.

నాకు ఇప్పటికి కారు ధర కాక 2,40,000 ఖర్చయింది. ముందే వెళ్ళి చూసి ఉంటే ఇందులో సగం మిగిలేది, లేదా ఆ కారు కొనకుండా ఇంకోటి కొనేవాణ్ణి. కానీ ఆ అక్కచెల్లెళ్ళకి మాటిచ్చాను, నీలం రంగు వేసిన రోజు ఫొటో పంపుతానని. అందుకే మధ్యలో వదలను.

ఆఖరుగా ఒక మనవి. మీ పాఠకుల్లో ఎవరి ఇంట్లోనైనా, పాత షెడ్డులో, అటక మీద, డిలైట్ డిక్కీ మీది ఆ వంకర అక్షరాల బ్యాడ్జీ ఉంటే, విరిగినదైనా పర్వాలేదు, దయచేసి మీ పత్రిక కార్యాలయానికి తెలియజేయమనండి. నా చిరునామా మీ దగ్గర ఉంది. నేనే స్వయంగా వచ్చి, చూసి, డబ్బులిచ్చి తీసుకెళ్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
విజయవాడ